పేరులో మొదటి పలుకు: పంచాంగం నుంచి పాస్‌పోర్ట్ దాకా

అశ్విని నక్షత్రం రెండో పాదంలో పాప పుట్టిందనుకోండి. పంతులుగారు పంచాంగం చూసి 'చే' అక్షరం వచ్చిందని చెబుతారు. ఇంట్లోవాళ్లు వెంటనే ఫోన్ తీసి 'సి'తో మొదలయ్యే అమ్మాయిల పేర్లు వెతుకుతారు. ఆ జాబితాలో చేతన ఉంటుంది. చందన, చారుమతి, చిత్ర కూడా ఉంటాయి. అందరికీ చందన నచ్చుతుంది, అదే ఖాయం చేస్తారు. కానీ పంచాంగం లెక్కలో 'చ' అశ్వినిది కాదు, రేవతి మూడో పాదానిది. నక్షత్రంతో పాటు రాశి కూడా మేషం నుంచి మీనానికి మారిపోయింది.

నక్షత్రాల మీద నమ్మకం ఉందా లేదా అన్నది వేరే సంగతి. ఇక్కడ జరిగిన పొరపాటు భాషకు సంబంధించింది. తెలుగు పేరు మొదలయ్యేది హల్లూ అచ్చూ కలిసిన ఒక పలుకుతో. 'చే', 'చా', 'చి' మనకు మూడు వేర్వేరు మొదళ్లు. ఇంగ్లీషులో ఆ మూడింటికీ ఒక్కటే 'సి'. పేర్ల విషయంలో మన ఇళ్లలో, బడుల్లో, ఆఫీసుల్లో వచ్చే చిక్కుల్లో చాలావాటికి ఈ రెండు పద్ధతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడమే కారణమని నా నమ్మకం.

అవకహడ చక్రం ఎలా కుదిరింది

పంచాంగంలో నక్షత్రానికి నాలుగు పాదాలు, పాదానికి ఒక పలుకు. 27 నక్షత్రాలకు మొత్తం 108. అశ్వినికి చూ, చే, చో, లా. భరణికి లీ, లూ, లే, లో. కృత్తికకు ఆ, ఈ, ఊ, ఏ. పైపైన చూస్తే ఎవరో చేతికొచ్చినట్టు పంచిపెట్టారనిపిస్తుంది. కాదు, దీని వెనక చాలా పొందికైన లెక్క ఉంది.

పట్టికను అశ్విని నుంచి కాకుండా కృత్తిక నుంచి చదివితే ఆ లెక్క బయటపడుతుంది. పాత వైదిక జాబితాల్లో నక్షత్రాలు కృత్తికతోనే మొదలవుతాయి. ఆ వరసలో ముందు అ, ఇ, ఉ, ఎ, ఒ వస్తాయి. తర్వాత వ, వి, వు, వె, వొ. తర్వాత 'క' ఐదు, 'హ' ఐదు, 'డ' ఐదు. ఈ మొదటి వరస అక్షరాలను కలిపితే వచ్చిందే ఈ పట్టికకున్న 'అవకహడ చక్రం' అన్న పేరు. రెండో వరస మ, ట, ప, ర, త. మూడోది న, య, బ, జ, ఖ. నాలుగోది గ, స, ద, చ, ల. మొత్తం ఇరవై అక్షరాలు, ఒక్కోదానికి ఐదు అచ్చులు, అంటే 100 పలుకులు.

ఇరవైలో చోటు దొరకని అక్షరాలు ఘ, ఙ, ఛ, ష, ణ, ఠ లాంటివి మిగిలాయి. వాటిని వరసకు మూడు చొప్పున నాలుగు నక్షత్రాల్లో ఇరికించారు. అందుకే ఆర్ద్రకు కూ, ఘ, ఙ, ఛ అనీ హస్తకు పూ, ష, ణ, ఠ అనీ కనిపిస్తుంది. మూడు నాలుగు వరసల్లో ఈ పని పూర్వాషాఢ, ఉత్తరాభాద్ర చేస్తాయి. ఈ పన్నెండు పలుకుల్లో పంచాంగానికీ పంచాంగానికీ కొద్దిగా తేడా ఉంటుంది. వీటితో కలిపి మొత్తం 112 అయింది. 112 అంటే 28 నక్షత్రాలు. ఆ 28వది ఉత్తరాషాఢకూ శ్రవణానికీ మధ్య ఉండే అభిజిత్తు. వాడుకలో అభిజిత్తును పక్కనపెట్టి 27 లెక్కిస్తారు కాబట్టి నాలుగు పలుకులు జారిపోయి 108 మిగిలాయి. మన పంచాంగాల్లో చాలావాటిలో శ్రవణానికి జూ, జే, జో, ఖా అని ఉంటే, ఉత్తరాది పంచాంగాల్లో ఖీ, ఖూ, ఖే, ఖో అని ఉండటానికి కారణం ఇదే. అభిజిత్తు వాటాను మనం శ్రవణానికి ఇచ్చాం, వాళ్లు ఇవ్వలేదు.

ఈ పట్టిక చదవడానికి కొన్ని సూత్రాలున్నాయి. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా లేదు. 'చ' అన్నా 'చా' అన్నా ఒకటే. 'ఐ' వచ్చి 'ఏ'లో, 'ఔ' వచ్చి 'ఓ'లో చేరుతాయి. అంటే పైన చెప్పిన పాపకు చైతన్య అని పెట్టినా సరిపోయేది. ఒత్తున్న అక్షరమైతే మొదటి హల్లును తీసుకుంటారు. స, శ ఒకటిగా, బ, వ ఒకటిగా చూసే వెసులుబాటూ ఉంది. ఇక ఙ, ఞ, ణలతో ఎవరికీ పేరు పెట్టలేం. వాటి బదులు వరసగా గ, జ, డ తీసుకోమని జ్యోతిష గ్రంథాలే చెప్పాయి. హస్త మూడో పాదంలో పిల్లాడు పుట్టాడని, 'ణ' వచ్చిందని కంగారుపడే తల్లిదండ్రులు ఈ ఒక్క ముక్క తెలుసుకుంటే చాలు.

ఇంకో సంగతి. ఈ అక్షరం ప్రకారం పిలిచే పేరు పెట్టి తీరాలన్న పట్టు మన సంప్రదాయంలో ఎప్పుడూ లేదు. జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు. బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో రాసే పేర్లలో రెండూ ఉండొచ్చు. రాముడి సంగతే చూడండి. ఆయన పుట్టింది పునర్వసులో. దానికి వచ్చే పలుకులు కే, కో, హా, హీ. 'రా' అనేది చిత్త మూడో పాదానిది. కృష్ణుడిది రోహిణి, అంటే ఓ, వా, వీ, వూ. వాసుదేవుడన్న పేరు ఆ అక్షరాలకు కుదురుతుంది, కానీ అది తండ్రి వసుదేవుడి వల్ల వచ్చిన పేరు. కృష్ణుడన్న పేరు మాత్రం కుదరదు. పుట్టిన సమయం తెలియనివాళ్లకు పెళ్లి పొంతన చూసేటప్పుడు పేరులో మొదటి పలుకును బట్టి నక్షత్రం కడతారు. ఆ లెక్కన సీత శతభిషం, రాముడు చిత్త అవుతారు. ఈ పద్ధతి అవసరానికి పుట్టిన ప్రత్యామ్నాయం మాత్రమే. దీని మీద ఆధారపడి మంచి సంబంధాలు వదులుకునేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఊరి దేవుడు ఇచ్చిన అక్షరం

పంచాంగం ఇంత శ్రద్ధగా 108 పలుకులు పంచిపెట్టినా, మన ఊళ్లలో పేర్లు అన్ని అక్షరాల మీదా సమంగా పరుచుకోలేదు. కొన్ని అక్షరాల దగ్గర గుంపులు కడతాయి. కారణం మొక్కు. పిల్లలు పుట్టాలనో, పుట్టినవాళ్లు నిలవాలనో దగ్గర్లోని దేవుడికి మొక్కుకుంటారు. ఆ పేరే పెడతారు. అందువల్ల పేరు మొదటి పలుకు వినగానే మనిషి ఏ వైపువాడో చాలాసార్లు చెప్పెయ్యొచ్చు.

ఉత్తరాంధ్రలో 'అప్పల' వినిపిస్తుంది. అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనర్సమ్మ, అందరూ సింహాద్రి అప్పన్న పిల్లలే. సింహాచలం అన్న కొండ పేరునే నేరుగా మనిషికి పెట్టేస్తారు. విజయనగరం పైడితల్లి వల్ల పైడిరాజు, పైడమ్మ వచ్చారు. గోదావరి జిల్లాల్లో అన్నవరం సత్యదేవుడి ప్రభావం. ఆయన పూర్తి పేరు వీర వెంకట సత్యనారాయణ స్వామి కాబట్టి ఆ మూడు మాటలూ అలాగే పిల్లల పేర్లలోకి వస్తాయి. పల్నాడు వైపు కోటప్పకొండ వల్ల కోటయ్యలు, కోటేశ్వరరావులు. నెల్లూరు జిల్లాలో పెంచలకోన వల్ల పెంచలయ్య, పెంచలమ్మ. కర్నూలు, నంద్యాల వైపు అహోబిలం వల్ల ఓబులేసు, ఓబుల్‌రెడ్డి. అక్కడే మద్దిలేటి స్వామి వల్ల మద్దిలేటి అన్న పేరు కూడా. తెలంగాణకు వస్తే కొమురవెల్లి మల్లన్న వల్ల కొమురయ్యలు, మల్లయ్యలు. వేములవాడ రాజన్న వల్ల రాజయ్య, రాజమ్మ. యాదగిరిగుట్ట వల్ల యాదగిరి, యాదయ్య, యాదమ్మ.

ఈ పట్టికలో మతం గీతలు కూడా చెరిగిపోతాయి. నెల్లూరు జిల్లా కసుమూరు దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలో మస్తానయ్య, మస్తానమ్మ ఉంటారు. రాయలసీమలో దస్తగిరి అన్న పేరు ముస్లింలకూ ఉంది, హిందువులకూ ఉంది. క్రైస్తవంలోకి వెళ్లిన కుటుంబాల్లో యేసురత్నం, ఏసుబాబు అని పేర్లు మారినా ఇంటిపేరు అదే ఉంటుంది. దాంతో పేరు ముందు పొడి అక్షరం (ఇనిషియల్) మాత్రం తాతల నాటిదే.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఈ గుంపులను ఇంకా గట్టిపరుస్తుంది. ఒకే ఇంట్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు మళ్లీ మళ్లీ వస్తాయి. నందమూరి తారక రామారావు పేరు మనవడికి కూడా అచ్చంగా వచ్చింది కాబట్టే జూనియర్ ఎన్టీఆర్ అనాల్సి వచ్చింది.

నాలుక చేసే మార్పులు

రికార్డులో రాసిన మొదటి అక్షరం ఒకటి, నోటితో పలికేది మరొకటి. వెంకయ్య వాడుకలో ఎంకయ్య అవుతాడు. వీరన్న ఈరన్న అవుతాడు. నండూరి సుబ్బారావు రాసిన ఎంకి కూడా వెంకియే. ఇ, ఎ అచ్చుల ముందు 'వ' జారిపోవడం మన పల్లె మాటలో సహజం. విస్తరి ఇస్తరి అయినట్టే ఇదీ. హనుమయ్య అనుమయ్య అవుతాడు. పద్యపాదంలో అక్షరాల పొంతన చూసే యతి నియమాల్లో అ, య, హ మిత్రాలని, అంటే ఒకదాని బదులు ఒకటి రావచ్చని ఛందస్సు చదివినవాళ్లకు తెలుసు. ఆ చుట్టరికాన్ని పండితులు పద్యంలో పాటిస్తే, పల్లె జనం పేర్లలో పాటించారు. శేషయ్య సేసయ్య కావడం, శ్రీనివాసు సీను కావడం కూడా చెవికి దగ్గరి ధ్వనిలోకి జరగడమే. అహోబిలేశుడు ఓబులేసు అయినప్పుడైతే ముందున్న 'అహ' పూర్తిగా పోయింది.

దీనికి ఎదురు మార్పు కూడా ఉంది, మన రికార్డులను ఎక్కువగా తికమకపెట్టింది అదే. అచ్చ తెలుగు మాటల మొదట యకారం గానీ, వు, వూ, వొ, వో గానీ ఉండవని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పాడు. తమిళంలో 'యానై' మనకు ఏనుగు, తమిళంలో 'యార్' మనకు ఎవరు. అంటే రాతలో మన మాటలు అచ్చుతోనే మొదలవ్వాలి. కానీ పలికేటప్పుడు ఎ ముందు చిన్న 'య', ఉ, ఒ ముందు చిన్న 'వ' దానంతట అదే వచ్చి చేరుతుంది. ఎర్ర అన్నప్పుడు యెర్ర అనీ, ఊరు అన్నప్పుడు వూరు అనీ వినిపిస్తుంది. తెలుగులో రాసేటప్పుడు వ్యాకరణం ఆపగలిగింది. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆపేవాళ్లు లేరు. అందుకే ఎర్రగుంట్ల, ఎమ్మిగనూరు ఇంగ్లీషులో 'వై'తో మొదలవుతాయి. ఉయ్యూరు, ఒంటిమిట్ట 'వి'తో మొదలవుతాయి. ఇంటిపేర్లదీ అదే కథ. ఎర్రమిల్లి, ఎలమంచిలివాళ్లు 'వై' అయ్యారు. ఉండవల్లి, ఓలేటివాళ్లు 'వి' అయ్యారు. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల్లో ఒకరు 'ఇ' అనీ ఇంకొకరు 'వై' అనీ రాసుకోవడం అరుదేమీ కాదు.

తెలుగు రాజకీయాల్లో అందరికీ తెలిసిన రెండక్షరాలు 'వై.ఎస్.' కూడా ఇక్కడి నుంచి వచ్చినవే. యెడుగూరి సందింటి అన్న ఇంటిపేరులో ఆ మొదటి పలుకును 'యె' అని విన్నారు కాబట్టి 'వై' వచ్చింది. 'ఎ' అని విని ఉంటే ఆ పొడి అక్షరం వేరేదయ్యేది.

ఇంకొక సుళువు మన భాషకుంది. పాత తమిళ వ్యాకరణం ప్రకారం ర, ల మాట మొదట రాకూడదు. అందుకే అక్కడ రాముడిని ఇరామన్ అని రాసేవారు. తెలుగులో పదాల మొదట్లోని ధ్వనులు తారుమారై ఎప్పుడో ర, ల ముందుకొచ్చేశాయి. తమిళ 'ఇరండు' మనకు రెండు, 'ఇల్లై' మనకు లేదు. కాబట్టి రామయ్య, లక్ష్మయ్య లాంటి సంస్కృత పేర్లు తెలుగు నోటికి ఏ తోడూ అవసరం లేకుండా పలికాయి.

పొడి అక్షరం ఎవరిది?

తమిళులకు పేరు ముందు అక్షరం తండ్రి పేరుది. కాబట్టి తరానికోసారి మారుతుంది. మనకు అది ఇంటిపేరుది. తరాలు మారినా అదే ఉంటుంది. ఇంటిపేరు తర్వాత దేవుడి పేరు కూడా పొడి అక్షరమైపోతే అసలు పేరు చివరికి జరుగుతుంది. క్రికెటర్ వి.వి.ఎస్. లక్ష్మణ్‌లో మొదటి 'వి' వంగీపురపు అన్న ఇంటిపేరు, రెండో 'వి' వెంకట, 'ఎస్' సాయి. రాష్ట్రపతి వి.వి. గిరికి మొదటిది వరాహగిరి, రెండోది వెంకట. ఏ 'వి' ఏదో బయటివాళ్లకు తెలిసే దారి లేదు.

ఇంగ్లీషు అక్షరం ఎన్ని తెలుగు ధ్వనులను మింగేస్తుందో గమనిస్తే ఆశ్చర్యం వేస్తుంది. దాసరివారు, ధూళిపాళవారు, డొక్కావారు అందరూ 'డి'. తెన్నేటి విశ్వనాథం, టంగుటూరి ప్రకాశం ఇద్దరూ 'టి'. స, శ, ష మూడూ 'ఎస్'. చ దగ్గర మాత్రం మనవాళ్లు ఊరుకోలేదు. 'సి' ఒక్కటే పెడితే స అనుకుంటారని 'సిహెచ్' అని రెండక్షరాలు పెట్టుకున్నారు. చెన్నమనేని విద్యాసాగర్ రావు పేరు ముందు 'సిహెచ్' అలా వచ్చిందే. ఒక ధ్వనిని కాపాడుకోవడానికి జనం తమంతట తాము చేసుకున్న ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం.

మన పత్రికలు తెలుగు లిపిలో రాస్తూనే 'ఎన్.టి.', 'పి.వి.' అంటాయి. లిపి మనది, అక్షరం ఇంగ్లీషుది. తమిళ పత్రికలు స్టాలిన్ పేరు ముందు 'ము.క.' అని రాస్తాయి. ముత్తువేల్ నుంచి 'ము', కరుణానిధి నుంచి 'క'. మనం అదే మనిషిని 'ఎం.కె.' అంటాం. సంస్థల విషయంలో మనకూ ఆ అలవాటు ఉంది. ఈనాడు పత్రిక తెదేపా, భాజపా, తితిదే అని పలుకులతోనే రాస్తుంది. మనుషుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టింపు ఎక్కడా నిలవలేదు.

నిలిచింది ఒక్క సాహిత్యంలోనే. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యాడు. ఇంగ్లీషు పద్ధతిలో ఆయన ఎస్.ఎస్. రావు అయ్యేవాడు, ఆ రెండు 'ఎస్'ల్లో శ్రీ అన్న ధ్వని ఎక్కడా వినిపించదు. కొడవటిగంటి కుటుంబరావు కొకు, చాగంటి సోమయాజులు చాసో, కాళీపట్నం రామారావు కారా, రాచమల్లు రామచంద్రారెడ్డి రారా, రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి, భమిడిపాటి రామగోపాలం భరాగో. నాస్తికవాది గోపరాజు రామచంద్రరావు గోరా. సింగిరెడ్డి నారాయణరెడ్డి సంగతి ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషు లెక్కలో సింగిరెడ్డికి 'ఎస్' రావాలి. ఆయన 'సి' అని పెట్టుకున్నారు. అది ఇంగ్లీషు 'సి' అనుకున్నా, సింగిరెడ్డిలోని 'సి' అనుకున్నా చదవడం ఒకటే. సినారె అన్న మాట అలా పూర్తిగా తెలుగు పలుకుల్లోనే కుదిరింది. కన్నడంలో కుప్పళ్లి వెంకటప్ప పుట్టప్ప కువెంపు అయింది కూడా ఇదే పద్ధతిలో. ఈ పేర్లు నిలిచిపోవడానికి కారణం అవి నోటితో పిలవదగ్గ మాటలు కావడం. విడి ఇంగ్లీషు అక్షరాలు కూడా జనం నోట పడి మాటలుగా అతుక్కోకపోలేదు. ఎన్టీఆర్, ఏఎన్నార్, కేసీఆర్ అలా అయినవే. విజయవాడ కేంద్రంగా 2022లో ఏర్పడ్డ జిల్లాకు ఎన్టీఆర్ జిల్లా అని పేరు పెట్టారు.

కాగితాల దగ్గర

ఈ చిక్కులన్నీ చివరికి కాగితాల మీద తేలతాయి. ఎక్కువ దెబ్బ ఆడవాళ్లకే. పదో తరగతి సర్టిఫికెట్ మీద పుట్టింటి అక్షరం, ఆధార్‌లో అత్తింటి అక్షరం, పాస్‌బుక్‌లో ఏ అక్షరమూ లేకుండా ఉత్త పేరు. ముగ్గురూ ఒకరేనని నిరూపించుకోవడానికి తిరగాల్సింది ఆవిడే. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. చదువు సర్టిఫికెట్లలో ఉన్న పేరే అన్నిచోట్లా కొనసాగిస్తే ఈ టెన్షన్ చాలావరకు తప్పుతుంది.

విదేశాలకు వెళ్లేవాళ్లకు ఇంకో రకం ఇబ్బంది. మనకు ముందుండే ఇంటిపేరు అక్కడ చివరికి వెళ్తుంది. పొడి అక్షరాన్ని విడదీయకుండా పాస్‌పోర్ట్ తీసుకుంటే, పేరులోని రెండో ముక్క ఇంటిపేరుగా మారిపోయి లక్ష్మీ ప్రసన్నను అందరూ ప్రసన్నగారింటి లక్ష్మి అనుకుంటారు. పిల్లల పేరు నమోదు చేసేటప్పుడే ఇంటిపేరు పూర్తిగా రాయించడం దీనికి మందు.

ఇక సంఖ్యాశాస్త్రం పేరుతో ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో అదనంగా అక్షరాలు చేర్చే అలవాటు. అవకహడ చక్రం పలుకు మీద నడుస్తుంది, సంఖ్యాశాస్త్రం ఇంగ్లీషు అక్షరాల మీద నడుస్తుంది. రెండింటినీ ఒకే పేరుకు పట్టించాలనుకునేవాళ్లు 'చే' కోసం చేతన అని పెట్టి, అంకె కుదరలేదని స్పెల్లింగ్ మారుస్తారు. ఆ స్పెల్లింగ్ చూసి బడిలో టీచరు చైతన అనో చీతన అనో చదువుతారు. పిల్లకు మిగిలేది రోజూ తన పేరు దిద్దుకునే పని.

పేరు నమోదుకు తొందరేమీ లేదని కూడా చాలామందికి తెలియదు. పుట్టిన వెంటనే జననం నమోదు చేయించి, పేరు గడి ఖాళీగా ఉంచొచ్చు. ఏడాదిలోపు అయితే ఫీజు లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి పేరు చేర్పించుకోవచ్చు. ఆలోగా ఎంచుకున్న పేరును తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి, ఆ ఇంగ్లీషు రాతను తెలుగు రానివాళ్లతో చదివించి చూడండి. మొదటి పలుకు మీరు అనుకున్నట్టే వాళ్ల నోట వస్తే ఆ స్పెల్లింగే రిజిస్టర్‌లో రాయించండి.